ఎలక్ట్రానుకు దారి ఉన్నదా?

భౌతికశాస్త్ర పాఠ్యపుస్తకాలలో ఎలక్ట్రానును గురించి రెండు చోట్ల రెండు విధాలుగా చెప్పి ఉంటుంది. అయస్కాంత క్షేత్రాల పాఠంలో, ఏకరీతి క్షేత్రంలోకి అడ్డంగా ప్రవేశించిన ఎలక్ట్రాను వృత్తాకారమైన దారిలో తిరుగుతుందనీ, ఆ వృత్తం వ్యాసార్ధం కావాలంటే ఎలక్ట్రాను ద్రవ్యవేగాన్ని దాని ఆవేశం, క్షేత్రబలం - ఈ రెండింటి లబ్ధం చేత భాగించాలనీ ఉంటుంది. కొన్ని అధ్యాయాలు గడిచిన తరువాత, పరమాణు నిర్మాణం పాఠంలో, ఎలక్ట్రానుకు తరంగ స్వభావం కలదనీ, ఇదీ దాని దారి అని గీత గీసి చూపడం సాధ్యం కాదనీ ఉంటుంది. తెలివైన విద్యార్థి ఎవరైనా లేచి, "మాస్టారూ, దారే లేనిదానికి వ్యాసార్ధం ఎక్కడినుంచి వచ్చిందండీ?" అని అడిగితే ఏమి చెప్పాలి?

ఈ ప్రశ్న న్యాయమైనది. "అక్కడ అది కణం, ఇక్కడ ఇది తరంగం" అని సరిపెట్టుకొంటే లాభం లేదు. ఎక్కడ కణం, ఎక్కడ తరంగం అన్నది నిర్ణయించేది ఏమిటో కూడా చెప్పాలి కదా! నిజానికి సమాధానం చాలా తేలికైనది. రెండు పొడవులను పక్క పక్కన పెట్టి పోల్చి చూస్తే చాలు. ఒకటి, ఎలక్ట్రాను తరంగదైర్ఘ్యం. రెండవది, క్షేత్రం చెప్పుకోదగినంతగా మారడానికి పట్టే దూరం. మొదటిది రెండవదానికంటే అత్యల్పమైతే ఎలక్ట్రాను విసిరిన రాయివలె దారి పట్టి పోతుంది. రెండూ సమాన స్థాయిలో ఉంటే దారి అన్న మాటకు అర్థం ఉండదు. కణాన్ని క్వాంటం నియమాలతో చూస్తూనే, దాని చలనాన్ని మాత్రం న్యూటను నాటి భాషలో చెప్పుకొనే ఈ పద్ధతిని అర్ధసాంప్రదాయిక పద్ధతి అంటారు.

నీటి అలలు చెప్పే సంగతి

ఎలక్ట్రాను తరంగం కంటికి కనిపించదు. కనుక ముందు కనిపించే అలలను చూద్దాం. ధవళేశ్వరం ఆనకట్టకు ఎగువన గోదావరి విశాలంగా పరచుకొని ఉంటుంది. గాలి వీచినప్పుడు నీటిమీద జానెడు, మూరెడు పొడవున్న చిన్న అలలు బయలుదేరుతాయి. ఈ అలలకు అడ్డంగా ఒక లంక ఉన్నదనుకోండి. లంకకు గాలి వచ్చే వైపున నీరు అల్లకల్లోలంగా ఉంటే, రెండవ వైపున నీరు నిలకడగా ఉంటుంది. అనగా లంక అలలకు నీడ పట్టింది. నీడ అంచు ఎక్కడ ఉంటుందో తెలుసుకోవాలంటే అలలు తిన్నగా, గీతలవలె పోతున్నాయని అనుకొని గీసి చూపితే చాలు. ఇక అవే అలలకు అడ్డంగా వలకోసం పాతిన ఒక వెదురు గడ ఉన్నదనుకోండి. గడ వెనుక నీడ ఏమీ ఉండదు. అల గడను చుట్టి, దానిని లెక్కచేయకుండా ముందుకు సాగిపోతుంది. అల మారలేదు. అడ్డం వచ్చిన వస్తువు పరిమాణం మారింది. లంక అలకంటే వేల రెట్లు పెద్దది. గడ అలకంటే చిన్నది.

ఇప్పుడు సముద్రతీరానికి పోదాం. అంతర్వేది వద్దగాని, పేరుపాలెం వద్దగాని ఇసుక ఒడ్డున నిలబడి చూస్తే ఒక విశేషం కనిపిస్తుంది. నడిసముద్రంలో అలలు ఏ దిక్కునుంచి బయలుదేరినా, ఒడ్డుకు వచ్చేసరికి ఇంచుమించుగా ఒడ్డుకు సమాంతరంగా బారులు తీరుతాయి. దీనికి కారణం నీటి లోతు. లోతు తగ్గినకొద్దీ అల వేగం తగ్గుతుంది. ఏటవాలుగా వచ్చే అలలో ఒడ్డుకు దగ్గరగా ఉన్న కొన ముందుగా నిదానిస్తుంది. దూరపు కొన ఇంకా వడిగా వస్తూ ఉంటుంది. అందుచేత అల బారు మొత్తం మెల్లగా తిరుగుతుంది. అల పోయే దారి వంగుతుంది.

ఇక్కడ గమనించవలసినది ఏమిటంటే, సముద్రపు అడుగు క్రమక్రమంగా, అనేక అలల పొడవు మీద మెల్లగా పైకి లేస్తున్నది. అందుకే అల చెక్కుచెదరకుండా వంగింది. ఇంచుమించు వెనుకకు మళ్ళనే లేదు. అదే అలకు నిట్టనిలువు గోడ ఎదురైతే కథ వేరుగా ఉంటుంది. లోతు హఠాత్తుగా మారడం వల్ల అలలో చాలా భాగం వెనుకకు పరావర్తనం చెందుతుంది. మెల్లగా మారే పరిస్థితులలో అల ఒక దారిని అనుసరిస్తుంది. హఠాత్తుగా మారే పరిస్థితులలో అది అలగానే ప్రవర్తిస్తుంది. క్వాంటం కణానికీ క్షేత్రానికీ మధ్య జరిగే వ్యవహారమంతా ఈ ఒక్క వాక్యంలో ఇమిడి ఉన్నది.

ఎలక్ట్రాను తరంగం ఎంత పొడవు?

ఫ్రాన్సు దేశపు శాస్త్రజ్ఞుడు లూయీ డి బ్రోయ్ 1923-24 ప్రాంతంలో ప్రతి కణానికీ ఒక తరంగం ఉంటుందని ప్రతిపాదించాడు. ప్లాంక్ స్థిరాంకాన్ని కణం ద్రవ్యవేగంతో భాగిస్తే ఆ తరంగదైర్ఘ్యం వస్తుంది. వడిగా పోయే కణానికి తరంగం పొట్టిది. నిదానంగా పోయేదానికి పొడవైనది.

1927లో అమెరికాలో డేవిసన్, జెర్మర్ అనేవారు 54 వోల్టుల చేత వేగం పొందిన ఎలక్ట్రానులను నికెలు స్ఫటికం మీదకు పంపారు. ఆ ఎలక్ట్రాను తరంగదైర్ఘ్యం 1.67 ఆంగ్‌స్ట్రాములు. ఒక ఆంగ్‌స్ట్రాము సెంటీమీటరులో పది కోట్ల వంతు. నికెలు స్ఫటికం ఉపరితలం మీద పరమాణు పంక్తుల మధ్య దూరం 2.15 ఆంగ్‌స్ట్రాములు. పరమాణువులు కల్పించే విద్యుత్ క్షేత్రం అంతంత దూరంలోనే హెచ్చి తగ్గుతూ ఉంటుంది. చూశారా, రెండు పొడవులూ దాదాపు సమానం! అందుచేత ఎలక్ట్రానులు కొన్ని దిక్కులలోనే ఎక్కువగా చెదరి, తరంగాలకు ఉచితమైన వివర్తనాన్ని చూపాయి.

కాని అదే పరికరంలో, స్ఫటికాన్ని చేరకముందు, ఎలక్ట్రానులు లోహపు పలకల మధ్య 54 వోల్టుల చేత వేగం పొంది, ఒక సన్నని పుంజంగా తిన్నగా ప్రయాణించాయి. అక్కడ వాటి దారిని లెక్కకట్టడానికి న్యూటను సూత్రాలే సరిపోయాయి. పలకల మధ్య దూరం మిల్లీమీటర్లలో ఉంటుంది. అది తరంగదైర్ఘ్యానికి లక్షల రెట్లు. ఒకే ఎలక్ట్రాను, ఒకే పరికరం, ఒకే క్షణంలో జరిగిన ప్రయాణం. మొదటి సగంలో రాయి, రెండవ సగంలో అల. మారినది ఎలక్ట్రాను కాదు. అది ఎదుర్కొన్న క్షేత్రం.

భీమవరం ప్రాంతంనుంచి బీటా కిరణాల దాకా

ఈ సూత్రం మీద ఆధారపడి పనిచేసే పరికరాలలో ముఖ్యమైనది బీటా వర్ణపటమాపకం. దీనితో మన గోదావరి మండలానికి దగ్గర సంబంధం ఉన్నది. 1896లో పశ్చిమ గోదావరిలో భీమవరం దగ్గర గొరగనమూడి గ్రామంలో భూపతిరాజు లక్ష్మీనరసింహరాజు అనే ఆయన జన్మించారు. సన్యసించి స్వామి జ్ఞానానందగా ప్రసిద్ధులైన తరువాత ఆయన ఐరోపాకు వెళ్ళి భౌతికశాస్త్రం అభ్యసించారు. ప్రాగ్ నగరంలో ఎక్స్-కిరణాల వర్ణపటాలను పరిశోధించారు. అటుపిమ్మట ఇంగ్లండులో లివర్‌పూల్ విశ్వవిద్యాలయంలో, న్యూట్రానును కనుగొన్న జేమ్స్ చాడ్విక్ వద్ద బీటా కిరణాల వర్ణపటాలపై పనిచేశారు. 1947లో ఉన్నత శూన్యాలను గురించి ఆయన రచించిన ఆంగ్ల గ్రంథం న్యూయార్కులో వెలువడింది. స్వదేశానికి తిరిగి వచ్చి, 1950 దశకంలో విశాఖపట్నంలో ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో కేంద్రక భౌతికశాస్త్ర పరిశోధనకు పునాదులు వేశారు. 1969లో పరమపదించారు.

బీటా కిరణాలు అంటే రేడియో ధార్మిక కేంద్రకాలనుంచి వెలువడే ఎలక్ట్రానులు. వాటి శక్తిని కొలవడం ఎట్లా? గాలి తీసివేసిన ఒక పెట్టెలో ఒక మూల రేడియో ధార్మిక పదార్థం ఉంచుతారు. ఎదుట ఒక సన్నని చీలిక. పెట్టె అంతటా నిలువుగా ఏకరీతి అయస్కాంత క్షేత్రం. చీలికనుంచి బయటపడిన ఎలక్ట్రాను అర్ధవృత్తంగా తిరిగి, రెండవ చీలిక గుండా లెక్కించే పరికరంలోకి పోతుంది. చీలికల మధ్య దూరం వల్ల వ్యాసార్ధం తెలుస్తుంది. వ్యాసార్ధం, క్షేత్రబలం తెలిస్తే ద్రవ్యవేగం వస్తుంది. దానినుంచి శక్తి వస్తుంది. పరికరాలలో అనేక రకాలు ఉన్నప్పటికీ మూల సూత్రం ఇదే.

ఇందులో ఒక చిత్రం ఉన్నది. ఎలక్ట్రాను పుట్టుక కేవలం క్వాంటం సంఘటన. ఏ కేంద్రకం ఎప్పుడు విచ్ఛిన్నమవుతుందో ముందుగా చెప్పగలవారు లేరు. అట్లా పుట్టిన కణం శక్తిని మనం పాఠశాల సూత్రంతో కొలుస్తున్నాం. ఈ కొలతను నమ్మవచ్చునా? అంకెలు వేసి చూద్దాం.

సీసియం-137 అనే రేడియో ధార్మిక పదార్థం బేరియంగా మారుతుంది. అట్లా ఏర్పడిన బేరియం కేంద్రకం చాలా సందర్భాలలో ఉద్రిక్త స్థితిలో ఉండి, తన అదనపు శక్తిని పరమాణువులోని లోపలి ఎలక్ట్రానుకు ఇచ్చి దానిని బయటకు నెట్టగలదు. ఈ ఎలక్ట్రాను శక్తి 6,24,220 ఎలక్ట్రాను వోల్టులు. దాని వేగం కాంతివేగంలో 89 శాతం. కనుక ద్రవ్యవేగాన్ని సాపేక్షతా సిద్ధాంతం చెప్పినట్లు లెక్కకట్టాలి. అట్లా కట్టితే, 338 గాస్ బలం గల అయస్కాంత క్షేత్రంలో దాని దారి వ్యాసార్ధం సరిగా 10 సెంటీమీటర్లు వస్తుంది. (మన ప్రాంతంలో భూమి అయస్కాంత క్షేత్రం సుమారు 0.4 గాస్. పరికరంలోని క్షేత్రం దానికి 800 రెట్లకు పైగా ఉంటుందన్న మాట.)

ఇక తరంగదైర్ఘ్యం సంగతి. సెంటీమీటరును వెయ్యి కోట్ల భాగాలు చేస్తే, అందులో ఒకటింబాతిక భాగం కంటే కొంచెం తక్కువ. వ్యాసార్ధం దానికి సుమారు 8,200 కోట్ల రెట్లు! గోదావరి అలకూ లంకకూ మధ్య ఉన్న తేడా దీని ముందు ఏపాటిది?

చీలిక వెడల్పు 1 మిల్లీమీటరు అనుకొందాం. ఏ తరంగమైనా చీలిక దాటగానే కొంత విచ్చుకొంటుంది. ఈ ఎలక్ట్రాను తరంగం అర్ధవృత్తపు దారి, అనగా సుమారు 31 సెంటీమీటర్లు, పూర్తిచేసేసరికి వివర్తనం వల్ల ఎంత విచ్చుకొంటుందో లెక్కిస్తే సుమారు 4 ఆంగ్‌స్ట్రాములు వస్తుంది. అది రెండు మూడు పరమాణువుల వెడల్పు. చీలిక వెడల్పులో ఇది ఇరవై లక్షల వంతు కూడా కాదు. ఎలక్ట్రాను ముమ్మాటికీ తరంగమే. కాని ఈ పరికరంలో ఆ సంగతి బయటపడే అవకాశం లేదు.

జ్ఞానానంద శూన్యాన్ని గురించి గ్రంథం రచించడంలోని ఔచిత్యం కూడా ఇప్పుడు బోధపడుతుంది. పెట్టెలో గాలి మిగిలి ఉంటే ఎలక్ట్రాను అడుగడుగునా పరమాణువులకు తగులుతుంది. పరమాణువు లోపలి క్షేత్రం ఒక ఆంగ్‌స్ట్రాములోనే విపరీతంగా మారుతుంది. తగిలిన ఎలక్ట్రాను ఎటు చెదరుతుందో సంభావ్యతగా మాత్రమే చెప్పగలం. శక్తి కూడా కొంత పోతుంది. గాలి తీసివేస్తే మిగిలేది పరికరంలోని విశాలమైన క్షేత్రం ఒక్కటే. ఎలక్ట్రానుకు దారి ఏర్పడాలంటే ముందు ఆ దారిలో ముళ్ళు ఏరివేయాలి. మంచి శూన్యం చేసే పని ఇదే.

తరంగంనుంచి వ్యాసార్ధం వచ్చే విధం

పై తరగతుల ఉపాధ్యాయులకు ఉపయోగపడే ఒక లెక్కను ఇక్కడ మాటలలోనే చెప్పుకొందాం. పక్క పక్కగా పోయే రెండు కిరణాలు ఉన్నాయనుకోండి. రెండూ ఒకే తరంగ ముఖంలోని భాగాలు. అవి కొంత దూరం ముందుకు జరిగితే, వాటి మధ్య సన్నని దీర్ఘచతురస్రం వంటి వైశాల్యం ఏర్పడుతుంది. ఆ వైశాల్యం గుండా పోయే అయస్కాంత అభివాహాన్ని ఎలక్ట్రాను ఆవేశంతో గుణించి ప్లాంక్ స్థిరాంకంతో భాగిస్తే, ఒక కిరణం రెండవదానికంటే ఎన్ని తరంగాల మేరకు ముందున్నదో వస్తుందని క్వాంటం శాస్త్రం చెప్పుతుంది. ఈ వ్యత్యాసాన్ని తరంగదైర్ఘ్యంతో గుణిస్తే తరంగ ముఖంలో ఒక కొన ఎంత ముందుకు జరిగిందో తెలుస్తుంది. ఒక కొన ముందుకు జరిగితే, తీరానికి వచ్చే అలవలె, ముఖం తిరుగుతుంది, దారి వంగుతుంది.

తరంగదైర్ఘ్యంలో ప్లాంక్ స్థిరాంకం లవంలో ఉన్నది. దశా వ్యత్యాసంలో అదే స్థిరాంకం హారంలో ఉన్నది. రెండూ కొట్టివేతకు వస్తాయి. వంపునకు వ్యాసార్ధం లెక్కకట్టితే మిగిలేది ద్రవ్యవేగం, ఆవేశం, క్షేత్రబలం మాత్రమే. పాఠ్యపుస్తకంలోని సూత్రం అక్షరాలా అదే! ఆ సూత్రం తరంగ సిద్ధాంతానికి విరుద్ధమైనది కాదు, దానిలోనుంచి పుట్టినదే. అందులో ప్లాంక్ స్థిరాంకం కనిపించకపోవడం వల్లనే అది క్వాంటం శాస్త్రం పుట్టకముందే మనకు దొరికింది.

శక్తి నిత్యత్వానికి వచ్చిన గండం

కొలతను నమ్మవచ్చునా అన్న ప్రశ్న ఊరికే వేసినది కాదు. దాని మీద ఒకప్పుడు శక్తి నిత్యత్వ నియమమే ఆధారపడి ఉండినది. 1914లో చాడ్విక్ బెర్లినులో అయస్కాంత క్షేత్రంతో బీటా కిరణాలను వంచి, వేర్వేరు వ్యాసార్ధాల వద్ద ఎన్ని ఎలక్ట్రానులు వస్తున్నాయో లెక్కించాడు. కేంద్రకానికి నిర్ణీత శక్తి స్థాయిలు ఉన్నప్పుడు ఎలక్ట్రానులన్నీ ఒకే శక్తితో రావాలి. కాని అవి సున్న దగ్గరనుంచి ఒక గరిష్ఠ విలువ వరకు అన్ని శక్తులతోనూ వస్తున్నట్లు తేలింది. ఎలక్ట్రానులు బయటకు వచ్చిన తరువాత శక్తిని ఎక్కడో పోగొట్టుకొంటున్నాయేమో అని కొందరు భావించారు. 1927లో ఎల్లిస్, ఊస్టర్ అనేవారు రేడియం-ఇ అనే పదార్థం విడుదల చేసే వేడిని మొత్తంగా కొలిచి, ఒక్కొక్క విచ్ఛిత్తికి సగటున సుమారు 3,50,000 ఎలక్ట్రాను వోల్టులే వస్తున్నాయని చూపారు. గరిష్ఠ శక్తి పది లక్షలకు పైగా ఉన్నది. పోయిన శక్తి పరికరంలో ఎక్కడా మిగలలేదు. నీల్స్ బోర్ అంతటివాడు శక్తి నిత్యత్వ నియమం కేంద్రకాల విషయంలో వర్తించదేమో అని సందేహించాడు.

ఇన్ని వ్యాసార్ధాలు కనిపించడానికి ఎలక్ట్రాను తరంగం క్షేత్రంలో చెదరిపోవడం కారణం కావచ్చునా? కాదని మన 4 ఆంగ్‌స్ట్రాముల లెక్క చెప్పుతుంది. పరికరం కూడా అదే సాక్ష్యం ఇస్తుంది. సీసియం-137నే చూడండి. కేంద్రకంనుంచి నేరుగా వచ్చే బీటా ఎలక్ట్రానులలో అధికభాగం సున్ననుంచి 5,14,000 ఎలక్ట్రాను వోల్టుల వరకు పరచుకొని ఉంటాయి. ఆ పక్కనే 6,24,220 వద్ద, మనం పైన చెప్పుకొన్న లోపలి ఎలక్ట్రానులు సూదిమొనవలె నిలబడతాయి. రెండు రకాల ఎలక్ట్రానులనూ వంచినది ఒకే క్షేత్రం. తప్పు క్షేత్రానిదైతే రెండవ గుంపు కూడా చెదరిపోయి ఉండేది.

మరొక పరీక్ష కూడా ఉన్నది. బేరియం పరమాణువు అత్యంత లోపలి కక్ష్యనుంచి ఎలక్ట్రానును పెరికివేయడానికి 37,440 ఎలక్ట్రాను వోల్టులు కావాలి. ఇది పూర్తిగా క్వాంటం లెక్క. వంగిన దారినుంచి వచ్చిన 6,24,220కి దీనిని కలిపితే 6,61,660 వస్తుంది. అదే బేరియం కేంద్రకం ఎలక్ట్రానును నెట్టకుండా గామా కిరణాన్ని వెలువరించినప్పుడు, ఆ కిరణం శక్తిని వేరే పద్ధతిలో కొలిస్తే వచ్చేది సరిగా ఇంతే. న్యూటను లెక్కా, క్వాంటం లెక్కా ఒకే ఖాతాలో చేరి సరిపోయాయి.

కనుక బీటా వర్ణపటంలోని పరపు నిజమైనదే. పోయిన శక్తిని కంటికి కనబడని మరొక కణం తీసుకొనిపోతున్నదని 1930లో పౌలీ ఊహించాడు. ఫెర్మీ దానికి న్యూట్రినో అని పేరు పెట్టి, 1934లో సిద్ధాంతం నిర్మించాడు. 1956లో రైన్స్, కోవన్ దాని ఉనికిని ప్రయోగపూర్వకంగా నిరూపించారు. వంగిన దారిని నమ్మినందువల్లనే ఒక కొత్త కణం దొరికింది. శక్తి నిత్యత్వ నియమం నిలబడింది.

క్షేత్రం వైపునుంచి చూస్తే

ఇంతవరకు కణాన్ని గురించే మాట్లాడాం. క్షేత్రం కూడా క్వాంటం నియమాలకు లోబడినదే కదా, దానిని మామూలు సంఖ్యలతో ఎట్లా వర్ణించాం? ఇక్కడ పోల్చవలసినవి పొడవులు కావు, సంఖ్యలు. క్షేత్రంలో క్వాంటాలు లెక్కలేనన్ని ఉన్నప్పుడు ఒకటి పెరిగినా తరిగినా తేడా తెలియదు. వరద గోదావరిలో చెంబెడు నీళ్ళు ముంచుకొంటే మట్టం తగ్గుతుందా?

100 కిలోవాట్ల సామర్థ్యంతో, 1000 కిలోహెర్ట్జ్ పౌనఃపున్యం వద్ద ప్రసారం చేసే రేడియో కేంద్రాన్ని తీసుకొందాం. అది సెకనుకు సుమారు 1.5 × 10³² ఫోటానులను వెదజల్లుతుంది. అవి నేలమీద అర్ధగోళంగా సమంగా పరచుకొన్నాయనుకొంటే, 100 కిలోమీటర్ల దూరంలో కూడా ఒక్క చదరపు మీటరు గుండా సెకనుకు 10²¹కి పైగా పోతాయి. రేడియో పెట్టెకు వీటిని ఒక్కొక్కటిగా గుర్తించే పని లేదు. దానికి అందేది ఎడతెగని అల. బీటా పరికరంలోని క్షేత్రం కూడా ఇటువంటిదే. తీగచుట్టలో 1 ఆంపియరు విద్యుత్తు ప్రవహిస్తే సెకనుకు 6.24 × 10¹⁸ ఎలక్ట్రానులు కదులుతున్నాయన్న మాట. వాటి ముందు మన బీటా ఎలక్ట్రాను ఒక్కటి చేయగల ప్రతిక్రియ శూన్యప్రాయం.

వంగే ఎలక్ట్రాను కొంత శక్తిని వికిరణంగా పోగొట్టుకోవాలి కదా అని అడగవచ్చు. నిజమే. కాని మన అర్ధవృత్తంలో సగటున పోయే శక్తి ఎలక్ట్రాను వోల్టులో లక్షవ వంతు కూడా ఉండదు. ఆరు లక్షల వోల్టుల సొమ్ములో దానిని ఎవరు లెక్కపెడతారు!

మెట్లమీదుగా నేలకు

పరమాణువులోనుంచి బయటి ప్రపంచానికి వచ్చే దారి అకస్మాత్తుగా తెరుచుకొనేది కాదు. మెట్లు మెట్లుగా ఉన్నది. బోర్ చెప్పిన హైడ్రోజను పరమాణువులో మొదటి కక్ష్య చుట్టుకొలత సరిగా ఒక తరంగదైర్ఘ్యం. అక్కడ దారి అన్న మాట చెల్లదు. పదవ కక్ష్యలో పది తరంగాలు, నూరవదానిలో నూరు తరంగాలు పడతాయి. సాంప్రదాయిక శాస్త్రం ప్రకారం ఎలక్ట్రాను సెకనుకు ఎన్ని చుట్లు తిరిగితే అంత పౌనఃపున్యం గల కాంతి రావాలి. క్వాంటం శాస్త్రం ప్రకారం ఒక మెట్టు దిగినప్పుడు పోయే శక్తిని బట్టి పౌనఃపున్యం ఉంటుంది. రెండవ కక్ష్యనుంచి ఒక మెట్టు దిగితే క్వాంటం విలువ సాంప్రదాయిక విలువకు 3 రెట్లు. పదవ కక్ష్యనుంచి దిగితే 1.17 రెట్లు. నూరవదానినుంచి దిగితే 1.015 రెట్లు మాత్రమే. మెట్లు పైకి పోయినకొద్దీ రెండు శాస్త్రాలూ ఏకమవుతున్నాయి. దీనినే బోర్ అనురూపతా సూత్రం అన్నాడు.

అంత పెద్ద పరమాణువులు కాగితం మీద లెక్కలు మాత్రమే కావు. 1965లో అమెరికాలో గ్రీన్ బ్యాంక్ వద్ద ఉన్న రేడియో దూరదర్శిని, ఆకాశంలోని హైడ్రోజను మేఘాలలో ఎలక్ట్రాను 110వ కక్ష్యనుంచి 109వ కక్ష్యకు దిగినప్పుడు వచ్చే 5009 మెగాహెర్ట్జ్ సంకేతాన్ని పట్టుకొన్నది. అక్కడ రెండు లెక్కలకూ తేడా నూటికి ఒకటిన్నర లోపే.

ఎల్లలు ఎక్కడ?

అర్ధసాంప్రదాయికం అనడంలో సగం సాంప్రదాయికం అన్న అర్థం ఉన్నది. మిగిలిన సగాన్ని మరచిపోరాదు. 1922లో స్టెర్న్, గెర్లాక్ వెండి పరమాణువులను ఏకరీతి కాని అయస్కాంత క్షేత్రం గుండా పంపారు. పరమాణువుల దారులు రాళ్ళ దారులవలెనే వంగాయి. కాని పుంజం రెండుగా చీలింది. పరమాణువు లోపలి అయస్కాంతం క్షేత్రంలో రెండే విలువలు చూపగలదు. మధ్య విలువలు లేవు. దారి న్యూటనుది, దారుల సంఖ్య క్వాంటం శాస్త్రానిది.

దారి బొత్తిగా లేని చోట కూడా ఈ పద్ధతి పనికి వస్తుందన్నది మరింత విశేషం. 1926లో వెంట్జెల్, క్రామర్స్, బ్రిల్వాఁ అనే ముగ్గురు క్షేత్రం మెల్లగా మారేటప్పుడు తరంగాన్ని లెక్కకట్టే ఉపాయాన్ని వేర్వేరుగా వివరించారు. కణానికి తగినంత శక్తి లేక, సాంప్రదాయిక శాస్త్రం ప్రవేశం నిషేధించిన ప్రాంతంలో కూడా తరంగం సన్నగిల్లుతూ కొంత లోపలికి పోతుందని ఆ ఉపాయం చెప్పుతుంది. 1928లో గామోవ్ దీనిని ఆల్ఫా కణాలకు అన్వయించాడు. యురేనియం-238 ఆల్ఫా కణం శక్తి 42 లక్షల ఎలక్ట్రాను వోల్టులు. ఆ పదార్థం సగానికి తరగడానికి సుమారు 450 కోట్ల సంవత్సరాలు పడుతుంది. పొలోనియం-212 ఆల్ఫా కణం శక్తి 88 లక్షలు. సగానికి తరగడానికి సెకనులో పదిలక్షవ వంతు కూడా పట్టదు. శక్తి రెట్టింపైతే కాలం 10²³ రెట్లకు పైగా తగ్గిపోయింది. ఈ అద్భుతమైన తేడాను ఒకే సూత్రం వివరించగలిగింది.

కనుక మొదట లేచి అడిగిన విద్యార్థికి ఉపాధ్యాయుడు ఇట్లా చెప్పవచ్చు: "ఎలక్ట్రాను ఎప్పుడూ తరంగమే. పొట్టి తరంగానికి, విశాలంగా మెల్లగా మారే క్షేత్రంలో, మంచి దారి ఏర్పడుతుంది. ఆ దారికే వ్యాసార్ధం." ఆపైన అతని చేతనే ఒక లెక్క చేయించాలి. పాత టెలివిజను పెట్టెల గాజు గొట్టాలలో సుమారు 20,000 వోల్టుల చేత వేగం పొందిన ఎలక్ట్రానుల తరంగదైర్ఘ్యం 0.086 ఆంగ్‌స్ట్రాములు. వాటిని తెరమీద ఇటూ అటూ తిప్పే అయస్కాంత క్షేత్రం కొన్ని సెంటీమీటర్ల పొడవున వ్యాపించి ఉండేది. అక్కడ ఎలక్ట్రాను రాయా, అలా? అదే ఎలక్ట్రానును పలుచని బంగారు రేకు గుండా పంపితే? బంగారంలో పొరుగు పరమాణువుల మధ్య దూరం 2.88 ఆంగ్‌స్ట్రాములు. రెండు పొడవులను పక్క పక్కన వ్రాసి చూస్తే సమాధానం విద్యార్థికే దొరుకుతుంది.